వెనక గేటు కాపలా

లక్సెట్టిపేటలో మాజీ సైనికుల సంఘానికి ఒక రేకుల హాలు ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని మిల్ట్రోళ్ల హాలు అంటారు. ఏడాదికోసారి చెన్నూరు నుంచీ, మంచిర్యాల నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ రిటైరైనవాళ్లు భార్యలతో, మనుమలతో వచ్చి అక్కడ కలిసి భోంచేస్తారు. ఆ విందును వాళ్లు బడాఖానా అంటారు. మా మామయ్య సుబేదారుగా చేసి వచ్చారు, ఇప్పుడు ఆ సంఘానికి కార్యదర్శి. మా ఆయన ఇంకా సైన్యంలోనే, ఎక్కడో మంచుకొండల దగ్గర ఉన్నారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. అందుకని ఈసారి మామయ్య వెంట నేనూ, మూడేళ్లు నిండని నా బిడ్డా వెళ్లాం.

నాకు వెళ్లాలని లేదు. హాలు వెనక గోడను ఆనుకునే కాలువ ఉంది. యాసంగి నాట్లకు నీళ్లు వదిలారు, అంచుల దాకా పారుతోంది. నేను ఇంట్లో బకెట్ మీద కూడా మూత లేకుండా ఉంచను. బిడ్డకు ఏదైనా అయితే అంత దూరాన ఉన్న మనిషికి ఫోనులో ఏమని చెప్పాలి అన్న ఆలోచన నిద్రలో కూడా నన్ను వదలదు.

ఆ భయం మామయ్యకు చెబితే ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. అక్కడికి చేరగానే నన్ను హాలు వెనక్కి తీసుకెళ్లారు. కాలువ వైపు ఒక ఇనుప గేటు ఉంది, దానికి గడియ లేదు. గడియ పెట్టించాలని ప్రతి సమావేశంలో అనుకుంటారట, టీ రాగానే మరిచిపోతారట. కిందటేడు ఆ గేటు తోసుకుని మేకలు లోపలికొచ్చి అమరుల స్తూపానికి వేయాల్సిన బంతిపూల దండను సగం నమిలేశాయి. అందుకే ఈసారి అక్కడ ఒక మనిషిని నిలబెట్టారు. నాయక్‌గా రిటైరైన ముసలాయన. బజారులో ఆయన కొడుకుల చెప్పుల దుకాణం ఉంది. హాలులో చిన్నా పెద్దా అందరికీ ఆయన చాచానే. చేతిలో కట్టె, పక్కన ప్లాస్టిక్ కుర్చీ, నెత్తిన వెలిసిపోయిన టోపీ.

మామయ్య ఆయనతో, ఒంటిగంటకు ఆయన బదులు నిలబడడానికి బద్లీని పంపిస్తానని, ఆ మనిషి వచ్చి నిలబడేదాకా కదలొద్దని చెప్పారు. చాచా మడమలు దగ్గరికి చేర్చి "జీ సాబ్" అన్నారు. నాకు ధైర్యం రాలేదు. పైగా ఆ కుర్చీని చూస్తే అనుమానం వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, శీతకాలం ఎండ, ఒక కునుకు పట్టదా?

కార్యక్రమం మొదలయ్యే ముందు అందరి ఫోన్లూ ఒక వెదురు బుట్టలో వేయించుకున్నారు. చనిపోయినవాళ్ల కోసం మౌనంగా నిలబడినప్పుడు ఏ ఫోనూ మోగకూడదని అక్కడి పద్ధతి. భోజనాలయ్యాకే తిరిగి ఇస్తారు. మౌనం అయ్యాక ముందు వరుసలో కూర్చున్న అమరవీరుల భార్యలను మైకులో పేరుపేరునా పిలిచారు. నా వెనక ఇద్దరు ముసలివాళ్లు ఎవరు ఎక్కువ చలిలో పనిచేశారన్నదాని మీద వాదించుకుంటున్నారు.

"నీది స్టోరు రూము చలి తియ్. కంబళ్లు లెక్కవెట్టుడే నీ డ్యూటీ" అన్నాడు ఒకాయన.

"లెక్కవెట్టి నీకిచ్చినందుకే బతికొచ్చినవు" అన్నాడు రెండో ఆయన.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఉండగానే మామయ్య మైకులో నన్ను పిలిచారు. వీరుల భార్యలకు శాలువాలు నన్ను కప్పమన్నారు, సరిహద్దులో ఉన్న జవాను భార్యను గనక. పక్కన కూర్చున్న ఆమె చేతికి బిడ్డను అప్పగించి వెళ్లాను. కాసేపటికి బిడ్డ చేయి విడిపించుకుని వేదిక వైపు నడిచిందట. నా దగ్గరికే వస్తోందని ఆమె అనుకున్నది. నేను శాలువాలన్నీ కప్పి, ఒక ముసలమ్మ నా చేయి పట్టుకుని ఏడిస్తే ఓదార్చి, తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ తరువాత నాకు సరిగ్గా వినిపించలేదు. నేనే అరిచానట. మైకులో వస్తున్న పాటలు ఆగిపోయాయి. మామయ్య మైకు అందుకుని ఆకుపచ్చ గౌను వేసుకున్న పాప అని చెప్పారు, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. అప్పటిదాకా మోకాళ్లు పట్టుకుని కూర్చున్నవాళ్లంతా లేచారు. ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు. కొందరు వరుసగా చేయిచాపు దూరంలో నిలబడి హాలు ముందు వేసిన షామియానా ఒక చివర నుంచి వెతుక్కుంటూ వచ్చారు. బల్లల కింద, నీళ్ల ట్యాంకరు కింద, కార్ల మధ్య. మరికొందరు ముందు గేటు దాటి బస్సులు వెళ్లే రోడ్డు మీదికి పోయారు. స్టోరు రూము మనిషి కడుపు మీద పాకుతూ వేదిక కిందికి దూరాడు.

"కాలువ దిక్కు ఎవరన్న పోయిండ్రా మామా?" అని అడిగాను.

"ఆ దిక్కు మనిషి నిలవడ్డడు బిడ్డా. ఆడికెల్లి చీమ గూడ పోదు. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నారు.

ఆ మాట విని అక్కడున్న అందరూ తలూపారు. కాపలా ఉన్న చోటు వెతకడం వాళ్ల లెక్కలో లేదు. అది వెతికేసిన చోటే. నాకు ఆ చదువు లేదు. కాళ్లు వాటంతట అవే వెనక్కి పరిగెత్తాయి. వంట పొయ్యిలు, కట్టెల కుప్ప, ఉల్లిపొట్టు, అన్నీ దాటుకుని గోడ మలుపు తిరిగాను.

గేటు మూసి ఉంది. చాచా దానికి వీపు ఆనించి, కట్టె అడ్డం పట్టుకుని నిలబడి ఉన్నారు. కుర్చీలో నా బిడ్డ కూర్చుని ఉంది. నెత్తిన ఆయన టోపీ, చేతిలో సగం కొరికిన జామకాయ. గేటు అవతల మేకలు గొణుగుతున్నాయి.

నేను బిడ్డను ఎత్తుకుని నేల మీదే కూలబడ్డాను. వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"చాచా, గింతసేపు మైకుల పిలుస్తున్నరు, ఇనబడలేదా?"

"ఇన్న బేటీ. నేను గూడ ఒర్లిన. మైకు ముంగట నా గొంతెంత?"

"ఎత్తుకొని రావద్దా మరి?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "గేటుకు గడియ లేకపాయె. నేనిటు కదిలితే ఇంకో పిల్ల అటు పోతే? ఫోను బుట్టల వడ్డది. బద్లీ వస్తడు, వాని తోటి తోలిస్త అనుకున్న. గా బద్లీ రాకపాయె."

అప్పటికి మామయ్య కూడా పరిగెత్తుకుంటూ వచ్చారు, కోటు మీద పతకాలు గలగలమంటున్నాయి. బిడ్డను చూడగానే ఆయన గోడ పట్టుకుని నిలబడిపోయారు. బద్లీ సంగతి తను పూర్తిగా మరిచిపోయారని ఆయన ముఖమే చెప్పింది.

"సాబ్, ఒంటిగంటకు పంపిస్త అన్నరు. ఇయ్యాల్టి ఒంటిగంటకా, రేపటి ఒంటిగంటకా?" అన్నారు చాచా.

మామయ్య ముందుకు వచ్చి కట్టె కోసం చేయి చాపారు. చాచా ఆకలితో ఉన్నా పద్ధతి తప్పలేదు. నిటారుగా నిలబడి కట్టె అందించి అప్పగింత చెప్పారు.

"గేటు ఒకటి. కట్టె ఒకటి. బిడ్డ ఒకతి. సబ్ ఠీక్, సాబ్."

మామయ్య ఆయనకు సెల్యూట్ చేశారు. సుబేదారు తనకంటే కింది హోదా నాయక్‌కు ముందుగా సెల్యూట్ చేయడం చూసి వెనక నుంచి వచ్చినవాళ్లు ఆగిపోయారు. చాచా ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "మటన్ మిగిలిందా, అంత ఊడ్చిండ్రా?" అని అడిగారు. అందరూ ఒక్కసారి నవ్వారు. వేదిక కింది నుంచి వచ్చిన స్టోరు రూము మనిషి, కడుపంతా మట్టితో, అందరికంటే గట్టిగా నవ్వాడు.

పంక్తిలో నేను చాచా పక్కన కూర్చున్నాను. పొద్దుటి నుంచి భయంతో మంచినీళ్లు కూడా సరిగా దిగలేదు, అప్పుడు మాత్రం ఆకలి నిప్పులా లేచింది. అన్నం రెండోసారి పెట్టించుకున్నాను. ఆ హాలులో ఎవరి కళ్లలోనూ నా మీద నింద లేదు. బిడ్డను పట్టుకోలేకపోయిన ఆమె నా విస్తట్లో ముక్కలు ఏరి వేస్తోంది, తను ఏడుస్తూనే. నేనే ఆమెను ఊరుకోమన్నాను.

తింటుండగా ఎవరో వచ్చి, పాప మళ్లీ వెనక గేటు దగ్గరికే పోయిందని, అక్కడ కాపలా నిలబడ్డ మామయ్య కాళ్ల చుట్టూ తిరుగుతోందని చెప్పారు. సరే అన్నాను. లేచి చూడలేదు. పెరుగు వడ్డించమని అడిగాను.