లేడీస్ నడిపే బండి

బానెట్ కూడా ఎత్తకుండానే మెకానిక్ తీర్పు చెప్పేశాడు. "లేడీస్ నడిపే బండాండి?" అన్నాడు. అడిగింది నన్ను కాదు, నా పక్కన నిలబడ్డ మా ఆయన్ని. మా ఆయన నవ్వి, "ఇంకెవరండీ" అన్నారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ కారు మేమిద్దరం నడుపుతాం. మాది పాలకొల్లు. మొగల్తూరు దగ్గర నేను పాఠాలు చెప్పే హైస్కూలుకి రోజూ దాన్లోనే వెళ్తాను. సాయంత్రాలు, సెలవు రోజులు ఆయనవి. కొబ్బరికాయల వ్యాపారం కదా, నరసాపురం రేవులో కారుని పంటు మీదికి ఎక్కించి, గోదావరి దాటి, అవతలి తోటలు చూసుకొస్తారు. అలా ఏళ్ళ తరబడి సాగుతుండగా, ఒక రోజు నేను స్కూలు నుంచి వస్తుంటే కాలవ వంతెన ఎక్కే దగ్గర కారు మొరాయించింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది కానీ బండి ముందుకి పోవడం లేదు. ఆ రోజు స్టీరింగు నా చేతిలో ఉంది. అంతే, క్లచ్ కాల్చింది నేనే అయ్యాను.

మెకానిక్ గేరుబాక్సు దింపి, పాత క్లచ్ ప్లేటు తీసి గోనెపట్టా మీద పడేశాడు. రివెట్లు తేలేలా అరిగిపోయి నల్లగా మాడి ఉంది. దాన్ని చూపిస్తూ, ఆడవాళ్ళు భయంతో క్లచ్ మీద నుంచి కాలు తియ్యరని మా ఆయనకి వివరించాడు. నేనక్కడే ఉన్నాను. "నేను నడపడం మీరెప్పుడైనా చూశారాండి?" అని అడిగాను. "మామూలుగా చెబుతున్నానండి మేడంగారూ, మీ గురించి కాదండి" అన్నాడు. మామూలుగానట!

నేను డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి నేర్చుకున్నదాన్ని. ఎత్తు మీద బండిని ఆపాల్సింది బ్రేకుతో గానీ క్లచ్‌తో కాదని, గేరు మార్చాక ఎడమ కాలు పెడల్ మీద ఉంచకూడదని అక్కడ మొదటి వారంలోనే చెప్పారు. నేను అక్షరాలా అలాగే చేస్తాను. మా ఆయన నేర్చుకున్నది వాళ్ళ బాబాయిగారి ట్రాక్టరు మీద. పంటు దిగి రేవు ఎక్కేటప్పుడు ఎదురుగా దిగే బళ్ళు అడ్డం వస్తాయి, ఏటవాలులో ఆగాల్సి వస్తుంది. అప్పుడాయన హ్యాండ్ బ్రేకు వెయ్యరు. క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి, బండి ముందుకీ వెనక్కీ పోకుండా అలా నిలబెడతారు. అదొక ఘనకార్యం. హ్యాండ్ బ్రేకు ఎల్ బోర్డు వాళ్ళకట. నిలబెట్టినంతసేపూ లోపల ప్లేటు రాసుకుని కాలుతూనే ఉంటుంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. మా అత్తగారు పాపం ఏ కుండా కొట్టలేదు. కొట్టింది ఆవిడ కొడుకు.

ఇంటికొచ్చాక ఇదంతా చెప్పాను. ఆయన చెవిన వేసుకోలేదు. కొత్త ప్లేటు వేయించిన రోజున తాళం చొక్కా జేబులో వేసుకుని, "కొన్నాళ్ళు నువ్వు బస్సులో వెళ్ళు. ప్లేటు సెట్టయ్యాక చూద్దాం" అన్నారు. ఆ బస్సు ఒక రోజు ముందొస్తుంది, ఒక రోజు అసలే రాదు. స్కూల్లో ప్రార్థన అయిపోయాక చెమటలు తుడుచుకుంటూ గేటు తోసుకుని వెళ్తుంటే పిల్లలు కూడా జాలిగా చూసేవాళ్ళు. అదైనా భరించేదాన్ని. నా ఉద్యోగానికి నేను వెళ్ళడానికి ఇంకొకరి జేబు వైపు చూడాల్సి రావడం మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎప్పుడడిగినా ఇంకా సెట్ కాలేదనేవారు.

అలా ఉండగా ఒక ఆదివారం, అవతలి ఒడ్డున బంధువులింట్లో గృహప్రవేశానికి అత్తగారితో కలిసి ముగ్గురం వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు పంటు దిగి రేవు ఎక్కుతుంటే పైన ఒక వ్యాను అడ్డం తిరిగి ఆగిపోయింది. మా ఆయన యథాప్రకారం సగం క్లచ్ మీద కారుని నిలబెట్టారు. కాసేపటికి వెనక సీట్లోంచి అత్తగారు "ఏదో మాడుతోందిరా" అన్నారు. హ్యాండ్ బ్రేకు వెయ్యమన్నాను. నాకు నేర్పకు అన్నారు. ఎట్టకేలకు వ్యాను తప్పుకుంది. ఆయన యాక్సిలరేటర్ తొక్కారు. ఇంజను అరిచింది. కారు ఎక్కలేదు సరికదా, వెనక్కి జారింది. ఆయన గబుక్కున బ్రేకు తొక్కారు.

వెనక కారులో అతను హారన్ మోగించి, దిగి, "లేడీస్ చేతికి ఎందుకిస్తారండీ బండి" అని విసుక్కుంటూ మా కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపల మా ఆయన మీసం కనబడింది. అతని గొంతే మారిపోయింది.

"బండిలో ఏదో కంప్లైంట్ ఉన్నట్టుందండి. ఒకసారి షెడ్డులో చూపించుకోండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"అవునండి, ఈ మధ్యే క్లచ్ వేయించాం. వాడు సరిగ్గా వెయ్యలేదు" అన్నారు మా ఆయన.

నాకిక ఓపిక చచ్చిపోయింది. హ్యాండ్ బ్రేకు పైకి లాగి, దిగి, అటు వైపు వెళ్ళి ఆయన తలుపు తీశాను. "దిగండి. నేను ఎక్కిస్తాను" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి తల్లి మొహం చూశారు. ఆవిడ గోదావరి వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన దిగారు.

ఇంజను ఆపేశాను. క్లచ్ చల్లబడేదాకా ఎవరెన్ని హారన్లు కొట్టినా కదల్లేదు. తర్వాత స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరులో బండి పట్టు అందుకోగానే హ్యాండ్ బ్రేకు దించి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశాను. కారు మెల్లగా పైకి వచ్చేసింది. ఆయన నడిచొచ్చి డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డారు. నేను తియ్యలేదు. కాసేపు చూసి, చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. ఇంటికెళ్ళాక తాళం నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆయన అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు. ఇప్పుడు తోటలకి కూడా నేనే తీసుకెళ్తున్నాను.

కావలసింది దక్కిందిగా, ఇంకా ఆ కోపమేంటే అని మా అక్క అడుగుతుంది. ఎందుకంటే మా చుట్టాలందరికీ తెలిసిన కథ ఇది: మొదటి క్లచ్ నేను కాల్చేశాను, రెండోది షెడ్డువాడు సరిగ్గా వెయ్యలేదు. మొన్న రావులపాలెంలో దింపమని మా కారెక్కిన తన పెదనాన్నగారికి కూడా మా ఆయన ఇదే చెప్పారు. చెబుతున్నంతసేపూ మా ఆయన నా పక్క సీట్లో కూర్చుని ఉన్నారు. బండి నేను నడుపుతున్నాను.