మార్కు లేని ఏనుగు

మా కింది వాటాలో ఉండే భార్యాభర్తలు గుడ్డబొమ్మలు కుట్టేవాళ్లు. కొత్తపేటలో ఆ ఇంట్లో పైన మేము, కింద వాళ్లు, ఇద్దరం కిరాయికే. వాళ్లది నల్గొండ వైపు పల్లె. మీర్‌పేట్‌లో ఒక రేకుల షెడ్డు తీసుకుని, కుట్టుమిషన్లు పెట్టి, నలుగురైదుగురు ఆడవాళ్లతో ఏనుగులూ ఎలుగుబంట్లూ కుట్టించి దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు వేసేవాళ్లు. పొద్దున్నే ఆయన స్కూటర్ నడుపుతుంటే ఆమె వెనక దూది మూటను కౌగిలించుకుని కూర్చునేది. దూరం నుంచి మనిషి కనపడేది కాదు, మూటకే కాళ్లొచ్చినట్టుండేది.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఎల్బీనగర్‌లో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఇంట్లో గుంటూరు మాట పోలేదు. నా యాస విని ఆమె నవ్వేది, ఆమె యాస విని మా పాప నవ్వేది.

విదేశీ బొమ్మల మీద ప్రభుత్వం పన్ను బాగా పెంచిందన్న వార్త విని ఆమె గిన్నెలో సేమియా పాయసం పోసుకుని పైకి వచ్చింది.

"అక్కా, చైనా బొమ్మలు ఇగ అగ్గువకు రావంట. దుకాణపోల్లు మా దిక్కే ఒస్తరు సూడుండ్రి."

అన్నట్టే వచ్చారు. కొన్నాళ్లు షెడ్డులో చేతులు చాలలేదు. ఇంకో మిషను కొన్నారు. ఆయన స్కూటర్ పోయి పాత ట్రాలీ ఆటో వచ్చింది. ఆదివారం కూడా వెళ్లేవాళ్లు.

ఆ తర్వాత ఇంకో నిబంధన వచ్చింది. బొమ్మ మనదైనా బయటిదైనా దాని మీద నాణ్యత మార్కు ఉండాలి, లేకపోతే అమ్మకూడదు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు, అలా ఉండటం న్యాయమే. కానీ ఆ మార్కు రావాలంటే లైసెన్సు కావాలి, పరీక్షలకు పంపాలి, పరీక్షించే సామాను షెడ్డులోనే పెట్టుకోవాలి. ఆయన నాలుగైదు ఆఫీసులు తిరిగి, అంత ఖర్చు తమవల్ల కాదని తెలుసుకుని వచ్చాడు. దుకాణాలవాళ్లు తనిఖీలకు భయపడి సరుకు వెనక్కి పంపడం మొదలుపెట్టారు. ట్రాలీ ఆటో పొద్దున నిండుగా వెళ్లి సాయంత్రం నిండుగానే తిరిగి వచ్చేది.

సరిగ్గా అప్పుడే మా పీఆర్సీ గొడవ నడుస్తోంది. జీతాలు సవరించాల్సిన గడువు దాటిపోయింది, డీఏలు ఆగిపోయాయి. నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని మధ్యాహ్న భోజన విరామంలో ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర నిలబడ్డాం. ఒక టీవీ అమ్మాయి మైకు పట్టుకుని వచ్చింది. మా సంఘం నాయకుడు నన్ను ముందుకు తోశాడు.

"మీరు మాట్లాడండి మేడం. ఆడవాళ్లు చెబితే జనానికి ఎక్కుతుంది."

నేనెప్పుడూ మైకు ముందు నిలబడలేదు. అద్దెలు అన్నాను, ఫీజులు అన్నాను. అందరూ అవే అంటున్నారు కదా, ఇంకేదైనా కొత్తగా చెప్పాలనిపించింది. "ఐదేళ్ల పాప ముచ్చటపడి ఒక బొమ్మ అడిగితే కొనిపెట్టలేని బతుకు మాది" అన్నాను. వెనక చప్పట్లు కొట్టారు. ఆ క్షణంలో నాకది అబద్ధంలా లేదు. మా పాపను తలుచుకుంటే జాలి కూడా వేసింది.

సాయంత్రం అన్ని వార్తల్లోనూ ఆ ముక్కే వేశారు. మా ఆయన చూసి, "మనకి బొమ్మలు లేవా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అంతలో తలుపు కొట్టారు.

కింది వాటా ఆమె. చేతిలో ఎర్ర చెవుల బూడిదరంగు ఏనుగు.

"అక్కా, టీవీల సూసిన. మీకు గింత కష్టమున్నదని నాకు ఎరుకనే లేదు. మాకు చెప్తే ఏమయితుండె? ఇంటి కిందనే బొమ్మలోల్లం ఉండి..."

ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "అయ్యో, ఎందుకమ్మా, అమ్ముకునే సరుకు..." అని నసిగాను.

"ఎవలు కొంటున్నరక్కా ఇగ? పాపనన్న ఆడుకుంటది."

అంతలో మా పాప వచ్చి ఏనుగును లాక్కుంది. ఆ సంతోషంలో ఆమె చెయ్యి పట్టుకుని, "ఆంటీ, నా బొమ్మలు చూపిస్తా రా" అని లోపలి గదిలోకి తీసుకుపోయింది. నేను ఆపలేకపోయాను. ఏమని ఆపాలి?

ఆ గదిలో కిటికీ కింద గోడ పొడుగునా బొమ్మలే. బ్యాటరీ కార్లు, వంటింటి సెట్టు, బిల్డింగ్ బ్లాకుల డబ్బాలు. మధ్యలో మొన్న పుట్టినరోజుకి మాల్‌లో కొన్న తెల్ల ఎలుగుబంటి, పాపకంటే పొడుగు. పాప ఒక్కొక్కటే ఎత్తి పేర్లు చెబుతోంది. ఆమె కింద కూర్చుని అన్నిటికీ తల ఊపింది. చివరికి ఆ ఎలుగుబంటిని ఒళ్లోకి తీసుకుని దాని కడుపు మీద అరచేత్తో నిమిరింది. చెవి పక్కన వేలాడుతున్న మార్కు చీటీ చూడనే లేదు. చూడక్కర్లేకుండానే అది ఎక్కడిదో ఆమెకి తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

"మంచిగున్నదక్కా. శానా మెత్తగున్నది" అంది.

నేను గుమ్మంలో నిలబడి, "అది టీవీ కోసం ఏదో అన్న మాటమ్మా" అన్నాను.

"గంతేగా అక్కా. మైకు ముంగట నోటికి ఏదొస్తే గదే ఒస్తది" అని లేచింది. నన్ను కాపాడటానికి ఆమె తొందరపడింది. తిడితే బాగుండేది. ఏనుగును తిరిగి తీసుకుపొమ్మని నేను అనలేను, తీసుకుపోవాలన్న ఆలోచన ఆమెకి రాలేదు. మెట్లు దిగుతూ, "పాపా, దానికి అన్నం పెట్టు" అని కేకేసింది.

ఆ రాత్రి పాప ఏనుగును పక్కన పెట్టుకుని పడుకుంది. నేను ఆ గదిలోకి వెళ్లలేదు.

ఏదో ఒకటి చేయాలనిపించి, ఒకరోజు పెద్ద సంచి నిండా వాళ్ల బొమ్మలు ఆఫీసుకు తీసుకెళ్లాను. మధ్యాహ్నం టేబుల్ మీద పరిచాను. చుట్టూ చేరారు, నొక్కి చూశారు, ముద్దుగా ఉన్నాయన్నారు. పక్క సీటావిడ ఒక ఎలుగుబంటిని వెనక్కి తిప్పి వెతికింది.

"మార్కు లేదేంటి మేడం? మనమే ప్రభుత్వంలో ఉండి మార్కు లేని సరుకు అమ్మితే ఎట్ల?"

ఆమె అన్నది తప్పు కాదు. ఇద్దరు నా మొహం చూసి చెరొకటి తీసుకున్నారు. మిగిలినవి సంచిలో కుక్కుకుని వచ్చాను. ఇంటి గేటు దగ్గర కింది వాటా ఆయనే ఎదురై సంచి అందుకున్నాడు. బరువు చూసుకున్నాడు.

"మీకు అనవసరంగ పరేషాన్ అయ్యింది అక్కా" అన్నాడు. సంచి ఆటోలో పెట్టి, "గవర్నమెంటు మంచిదే చేసింది. చైనా మాల్ బంద్ జేసింది. మంచి కంపెనీలు ఒచ్చినయ్. గా మంచిల మేమే పట్టలె" అన్నాడు. అతని గొంతులో ఎవరి మీదా కోపం లేదు. అప్పు మాఫీ అడిగినవాడిలా కాదు, బస్సు తప్పిపోయినవాడిలా చెప్పాడు.

తర్వాత మా పీఆర్సీ వచ్చింది. అడిగినంత కాకపోయినా బాగానే పెరిగింది. ఆఫీసు ముందు టపాసులు కాల్చారు, రంగులు చల్లుకున్నారు. నా ముక్క టీవీలో రావడం వల్లే ప్రభుత్వం దిగి వచ్చిందని నాయకుడు అందరి ముందూ అన్నాడు. నాకు శాలువా కప్పారు. చెంపల మీద రంగుతో ఇల్లు చేరేసరికి ట్రాలీ ఆటోలోంచి కుట్టుమిషన్లు దించుతున్నారు. షెడ్డు ఖాళీ చేశారు. శాలువా మడిచి హ్యాండ్‌బ్యాగులో దాచాను. దాచకముందే ఆమె చూసేసింది.

"పెరిగినయంట గదా అక్కా! మంచిగైంది" అని నా బుగ్గకున్న రంగు తుడిచింది. నిజంగా సంతోషపడింది. నేను మిషను ఒక పక్క పట్టుకుని లోపల పెట్టించాను. అంతకంటే నాకు చేతనైంది ఏమీ లేకపోయింది.

నాదర్‌గుల్ అవతల మార్కున్న బొమ్మల కంపెనీ ఒకటి పెట్టారు. ఆయనకి అందులో కటింగ్ మిషను మీద పని దొరికింది, ఆమెకి ప్యాకింగులో. బస్సుకు దగ్గరని మీర్‌పేట్‌కి ఇల్లు మారారు.

మొన్న రైతు బజారులో టమాటాలు ఏరుకుంటూ కనపడింది. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు, సెలవు రోజైనా తీయలేదు. పాప ఎట్లుందని అడిగింది. ఆయన ఎలా ఉన్నాడని నేనడిగాను.

"మంచిగనే ఉన్నడు. జర మాటలు తక్కువైనయ్ గంతే" అంది. తర్వాత కార్డు కనపడేలా కొంగు సర్దుకుని, "ఇప్పుడు మాకు గూడ మీ లెక్కనే, ఒకటో తారీఖు ఒస్తే జీతం పడతది అక్కా!" అంది.

"మంచిదమ్మా" అన్నాను. ఆమె ముఖంలో అంత గర్వం ఉంటే ఇంకేం అనగలను? తక్కెడవాడు నా కూర తూచి సంచి చాపమన్నాడు. తల వంచుకుని చాపాను.