రంగం వెళ్ళిన మనిషి పేరు

మా అమ్మమ్మ వాళ్ళ నాన్న కోడిపుంజుని చంకలో పెట్టుకుని రంగం ఓడ ఎక్కాడు. రంగం అంటే రంగూను. మా శ్రీకాకుళం వైపు పాతవాళ్ళెవరూ బర్మా అనరు. కోడికి టిక్కెట్టేదీ అని ఓడమీది దొర గదమాయించాడు. "ఇది కోడి కాదు బాబూ, గడియారం" అన్నాడు ముత్తాత. నడిసముద్రంలో తుపానుకి ఓడలో గడియారాలన్నీ ఆగిపోయి, సూర్యుడన్నవాడే కనబడకపోతే, ఆ పుంజు కూత విని తెల్లారిందనుకుని దొర ఓడ నడిపాడు. రంగంలో దిగేటప్పుడు పుంజుకి జీతమిచ్చారు. ముత్తాతకి ఇవ్వలేదు.

ఇదంతా నేను అల్లింది. పెళ్ళి పంక్తుల్లో, బస్సుల్లో, చావింటి అరుగుల మీద కూడా చెప్పాను. నిజంగా నాకు తెలిసింది చాలా కొంచెం. తెల్లవాళ్ళ కాలంలో, అమ్మమ్మ ఇంకా కడుపులో ఉండగా, కూలీలని తీసుకుపోయే మేస్త్రీ వెంట ఆయన రంగం వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పేరు తెలీదు.

పేరు తెలియకపోవడమేమిటని మీరు అడుగుతారు. ఆ పేరు వెతుక్కుంటూ ఆఫీసుకి వెళ్తే తాసీల్దారూ అడిగాడు. మా ముత్తవ్వ మొగుడి పేరు పలకలేదు, అంతే. పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. మొగుడు కళ్ళెదుట ఉన్న ఆడది ఎప్పుడైనా నోరు జారుతుందేమో. ఈవిడ మొగుడు సముద్రం అవతల ఉన్నాడు, అందుకని పళ్ళు బిగించుకుని కూర్చుంది. రంగం మీద బాంబులు పడి, మిగిలినవాళ్ళు అడవులమ్మట నడిచి ఊళ్ళు చేరినప్పుడు కూడా గాజులు తియ్యలేదు, పేరు చెప్పలేదు. పుట్టింట్లో ఆయన్ని అందరూ అల్లుడనీ, బావనీ, మావనీ అన్నారు. ఆయన తరఫు వాళ్ళా, ఇంటికి తాళమేసి అదే ఓడలో వెళ్ళిపోయారు. అమ్మమ్మ పెళ్ళిలో తండ్రి స్థానంలో మేనమామ కూర్చున్నాడు. ముత్తవ్వ పోయేముందు అమ్మమ్మ ఆవిడ చెవి దగ్గర చేరి, "ఇప్పుడైనా సెప్పే అమ్మా" అందట. ఆవిడ తల అడ్డంగా ఊపి, గాజుల చేతుల్తోనే పోయింది. బతికించుకోవాలని దాచిన పేరు అలా ఆవిడతోనే కాలిపోయింది.

అమ్మమ్మకి ఇప్పుడు తొంభై దాటాయి. అరసవల్లిలో మా ఇంట్లోనే ఉంటుంది. కిందటేడు ఉన్నట్టుండి, "నేను పోయేలోగా మా అయ్యకి నువ్వులూ నీల్లూ వొదలాల్రా" అంది. ఇంకా కూర్చోగలుగుతోంది కదా అని ఆటోలో శ్రీముఖలింగం తీసుకెళ్ళాం, నేనూ, మా మావయ్య కొడుకూ. వాణ్ణి బావా అంటాను, వాడు నన్ను అనరాని మాటలన్నీ అంటాడు. వంశధార ఒడ్డున పంతులు తండ్రి పేరు చెప్పమన్నాడు. అమ్మమ్మ నావైపు చూసింది. నేను బావ వైపు చూశాను. బావ నది వైపు చూశాడు.

"పేరు తెలియకపోయినా పరవాలేదమ్మా. తండ్రీ అని తలుచుకుని వదలండి, శాస్త్రంలో దారుంది" అన్నాడు పంతులు, మంచివాడు.

అమ్మమ్మ తడి నువ్వులున్న గుప్పిట మూసేసింది. "పేరు నేకుండా ఒగ్గేస్తే ఆ నీల్లు ఎవుడో తాగేస్తాడు బాబూ. దారిలో ఎంతమంది దాహంతో ఉన్నారో. మా అయ్యకి అందవు."

గుప్పిట విప్పకుండానే ఇంటికొచ్చింది. ఆ నువ్వులు కొంగున ముడేసుకుంది. "ఒరే, నోకంలో కతలన్నీ నీకే తెలుసు గదా, మా అయ్య పేరొకటి తెచ్చిపెట్టు" అంది.

అప్పట్నుంచి మొదలైంది తిరుగుడు. పాత రికార్డుల గదిలో గుమాస్తా అడిగాడు:

"భూమేమైనా ఉండేదా?"

"లేదండి."

"శిస్తు?"

"భూమి లేనివాడికి శిస్తేమిటండి."

"పోనీ కేసు? దొంగతనం, కొట్లాట?"

"తెలీదండి."

"అయ్యో, ఒక్క కొట్లాటైనా లేకపోతే ఎలాగండీ! తెల్లోడు మనిషిని రాసుకోవాలంటే శిస్తైనా కట్టాలి, తప్పైనా చెయ్యాలి."

బయటికొచ్చాక బావ అన్నాడు: "సూసినావా, మన వంశంలో ఒక్కడైనా మంచి దొంగ ఉండుంటే ఈపాటికి పేరు దొరికీసును. నువ్వొక్కడివే పుట్టినావు, అదీ ఆలిస్యంగా."

విజయనగరంలో జమీందారీ కాగితాలని ఎవరో చూపించారు. చెదలు తినగా మిగిలిన అంచులు ఉన్నాయి, లోపల పుట్టమన్ను. ఓడల జాబితాలు కంప్యూటర్లో ఉంటాయని ఒక లెక్చరరు చెబితే అవీ వెతికించాను. మాకు దొరికిన వాటిలో పై అంతస్తు దొరల పేర్లున్నాయి, దొరసానుల పేర్లున్నాయి. కింద డెక్కు మీద పడుకుని వెళ్ళిన మనవాళ్ళు మాత్రం ఇన్ని తలకాయలు అన్న ఒక్క అంకె. ఆ అంకెలో మా ముత్తాత ఎక్కడున్నాడో వేలుతో తడిమినట్టు చూస్తూ కూర్చున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గాని, కళ్ళు మండాయి.

ఇంటికి వెళ్ళేసరికి రోజూ అమ్మమ్మది ఒకటే మాట. "దొరికిందేట్రా?" రోజురోజుకీ గొంతు సన్నబడుతోంది. పాలు రెండు చెంచాలు దిగడం కష్టమైంది.

చివరికి బావ ఒక బోగట్టా తెచ్చాడు. కళింగపట్నం దగ్గర ఒక ముసలాయన ఉన్నాడనీ, రంగం వెళ్ళినవాళ్ళ సంగతులన్నీ ఆయన నోట్లో ఉన్నాయనీ. బండి మీద పోయాం. నాకైతే దారంతా దేవుళ్ళు గుర్తొస్తూనే ఉన్నారు. ముసలాయన చేపలు ఎండబెట్టిన గోనెల మధ్య నులకమంచం మీద ఉన్నాడు. ఫలానా ఊరి అల్లుడు, పెళ్ళాం కడుపుతో ఉండగా వెళ్ళాడు అనగానే ఆయన ముఖం వెలిగింది.

"ఓలబ్బో, ఆయన నాకు తెలవకపోడమేటి!"

నేను ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"సంకలో పుంజెట్టుకుని ఓడెక్కినాడు గదా? టిక్కెట్టేదిరా అని దొర అడిగితే, ఇది కోడి కాదు బాబూ..."

బావ మొహం తిప్పేసుకున్నాడు. ముసలాయన కథంతా చెప్పాడు, పుంజు జీతంతో సహా. నేను చెప్పేదానికన్నా బాగానే చెప్పాడు.

"ఇదంతా మీకెవరు చెప్పారు తాతా?" అన్నాను, తెలిసే.

"రాజాంలో ఓ పెల్లిలో, పంక్తిలో నా పక్కనోడు సెప్పినాడు. మనిషి మొకం గ్యాపకం రావట్నేదు. నువ్వు ఆడిని పట్టుకో నాయినా. ఆడికి మీ ముత్తాత సంగతులన్నీ తెలుసు."

తిరిగొచ్చేటప్పుడు బావ ఒక్క ఎకసెక్కం ఆడలేదు. వాడు నోరు మూసుకున్నాడంటేనే ఇక దారుల్లేవని అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి ఎండ గుమ్మంలో ఉంది. అమ్మమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి. ఈసారి దొరికిందా అని అడగలేదు. నా ముఖం చూసి అన్నీ చదువుకుంది. ఏదో ఒక పేరు చెప్పేద్దామనిపించింది. అప్పన్న, సూరయ్య, ఏదో ఒకటి. అబద్ధం నాకెప్పుడూ బరువు కాలేదు. కానీ కొంగు ముడి మీద ఆవిడ వేళ్ళున్నాయి, నీళ్ళు ఎవడో తాగేస్తాడన్న మాట చెవిలో ఉంది. నోరు రాలేదు.

"పోనీ పుంజు కత సెప్పు" అంది.

మొదలుపెట్టాను. దొర వచ్చాడు, టిక్కెట్టు అడిగాడు, గడియారం అన్నాడు. నవ్వాల్సిన చోట అమ్మమ్మ పెదవి కొంచెం కదిలింది.

"దొర మా అయ్య పేరు అడిగినాడా?" అంది. ఇన్నేళ్ళ కథలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"అడిగాడమ్మమ్మా."

"మా అయ్య ఏటన్నాడు?"

"చెప్పాడే. కానీ సముద్రం మీద గాలి కదా. వినబడలేదు."

అమ్మమ్మ కొంగు ముడిని గుప్పిట్లోకి తీసుకుని అటు తిరిగి పడుకుంది.

"ఇంకోపాలి సెప్పమను" అంది. "గట్టిగా సెప్పమను."