గుర్రం కన్ను వాచిన ఉదయం

తమ్ముడి కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను పెరట్లో గుర్రానికి మాలిష్ చేయబోతున్నాను. పొద్దుటి పూట నా పని అదే. మొదట ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి ఊపిరి చూడాలి. తరువాత కళ్లు, తరువాత గిట్టలు, ఆ తరువాతే బ్రష్. ఈ వరస నాకు సైన్యం నేర్పింది. రిటైరై ఇన్నేళ్లయినా మారలేదు.

"పెద్దబాపూ, తొర్రూరు పెండ్లిల మన గుర్రం పక్కన ఒక ఎర్ర గుర్రం నిలవడ్డది సూడు. అది సచ్చిపోయిందట."

"ఎట్ల సచ్చింది?"

"ముక్కులకెల్లి చీము కారిందట. డాక్టర్లు రక్తం తీస్కపోయిన్రట. నువ్వు ఫికర్ చెయ్యకు, మనది మంచిగనే ఉన్నది గద."

"రెండూ ఒక్క బకెట్ల నీళ్లు తాగినయా?"

"పెండ్లోళ్లు పెట్టిందే ఒక్క బకెట్. రెండూ తాగినయి. ఏం పెద్దబాపూ, ఎంగిలైతదా?" అని నవ్వాడు.

నా కుడి చెయ్యి ఇంకా గుర్రం ముక్కు మీదే ఉంది. మెల్లగా వెనక్కి తీసుకున్నాను. పంపు దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడిగాను. వేలి కొసన చిన్న గీత ఉంది, ముందురోజు గడ్డి కోస్తుంటే తెగింది. దాన్ని పిండి పిండి చూశాను. చీము కారి చనిపోయే ఆ రోగాన్ని గ్లాండర్స్ అంటారు. గుర్రం నుంచి గుర్రానికి, గుర్రం నుంచి మనిషికి అంటుకుంటుంది. గుర్రంలో ఉందని తేలితే దానికి వైద్యం చేయరు. చంపి, లోతుగా గొయ్యి తీసి పూడుస్తారు. ఇది నేను ఎక్కడో చదివింది కాదు.

నేను గుర్రపు దళంలో పనిచేశానంటే ఊళ్లో చాలామంది ఇప్పటికీ నమ్మరు. ట్యాంకుల కాలంలో గుర్రాలేమిటంటారు. తొర్రూరు దగ్గర పత్తి చేలల్లో పెరిగినవాణ్ణి, గేదె మీద తప్ప దేని మీదా ఎక్కి ఎరగను. భర్తీలో నా పొడుగూ సన్నటి నడుమూ చూసి అటు పంపారు. ఉత్తరాదిన ఇసుక నేల మీద, పాదాలు ఆనించే రికాబులు లేకుండా స్వారీ నేర్పారు. తొడల చర్మం లేచి ప్యాంటుకు అతుక్కునేది. కింద పడితే ముందు గుర్రాన్ని పట్టుకోవాలి, దెబ్బ తరువాత చూసుకోవాలి. గుర్రం నీళ్లు తాగి మేత తిన్నాకే మనం పళ్లెం ముట్టాలి. ఆ ఏళ్ల డైరీలు తెరిస్తే నా భోజనం గురించి ఒక్క ముక్క ఉండదు. గుర్రం ఎంత తిన్నదీ, లద్దె ఎలా వేసిందీ మాత్రం ఉంటుంది.

నాకిచ్చింది ముదురు గోధుమ రంగు గుర్రం. పెరేడ్‌లో బ్యాండ్ మోగితే దాని చెవులు ముందుకు నిలబడేవి. ఎండాకాలం ఒకసారి మా వరసలో ఒక గుర్రానికి ముక్కు కారింది. మర్నాటి నుంచి పొడుగాటి నీళ్ల తొట్టి మూసేశారు. ఏ గుర్రం బకెట్ దానిదే. పశువుల డాక్టరు వచ్చి ప్రతి గుర్రానికీ కింది కనురెప్పలో సన్నటి సూదితో మందు ఎక్కించాడు. అప్పట్లో పరీక్ష అదే. ఒకటి రెండు రోజుల్లో కన్ను వాచి చీము పడితే రోగం ఉన్నట్టు, ఏమీ కాకపోతే లేనట్టు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి నా గుర్రం కింది రెప్ప ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. మూలన పసుపు పచ్చని చీము.

ఎవరి గుర్రాన్ని వాళ్లే గొయ్యి దాకా నడిపించుకుని పోవాలి. కొత్త చేతికి పగ్గం ఇస్తే బెదురుతుంది. గొయ్యి అంచున అది నా జేబు దగ్గర మూతి పెట్టి బెల్లం కోసం వెతికింది. తెచ్చాను కూడా. తింటూ ఉండగానే తుపాకీ పేలింది. చేతిలో పగ్గం ఒక్కసారిగా బరువెక్కింది.

తరువాత దఫేదారు హోదాలో రిటైరయ్యాను. హసన్‌పర్తిలో ఒక కాలేజీ గేటు దగ్గర కాపలా కాశాను. తమ్ముడి కొడుకు పెళ్లి బరాత్‌ల కోసం తెల్ల గుర్రాన్ని కొన్నప్పుడు, చూసుకోవడం వచ్చినవాడినని నా పెరట్లో కట్టేశాడు. మా ఆవిడ దాన్ని 'తెల్ల దొరసాని' అంటుంది.

తమ్ముడి కొడుకు ఫోన్ చేసిన రోజు మధ్యాహ్నమే పశువుల దవాఖాన డాక్టరమ్మ వచ్చి మెడ దగ్గర రక్తం తీసింది.

"జ్వరం లేదు తాతా. ముక్కు గూడ పొడిగనే ఉన్నది. అయినా రిపోర్ట్ అచ్చేదాక బయటికి తీయొద్దు. గ్లౌజులు లేకుంట ముట్టొద్దు."

"ఉన్నదని తేలితే?"

ఆమె సీసా మీద పేరు రాయడం ఆపి నన్ను చూసింది. "నీకు తెలువదా తాతా" అంది.

ఆ రోజు నుంచి ఫోన్ మోగితే మా ఆవిడనే ఎత్తమనేవాణ్ణి. పక్క ప్లాటులో ఇంటి పునాదికి జేసీబీ మట్టి తీస్తోంది. ఆ చప్పుడు మొదలుకాగానే నేను ఇంట్లోకి పోయి టీవీ పెట్టుకునేవాణ్ణి. ఏం చూస్తున్నానో తెలియదు. మా ఆవిడ నవ్వించాలని చూసింది.

"ముట్టొద్దన్నది గద డాక్టరమ్మ. ఇగ దూరంకెల్లే సెల్యూట్ కొట్టు. నాకు జరమొచ్చినప్పుడు గింత ఫికర్ చేసినవా ఎన్నడన్న?"

"నీకు మందున్నది. దానికి లేదు."

ఆదివారం చర్చిలో ఆమె, మా ఇంట్లో ఒక రోగి ఉందని, ప్రార్థన చేయమని ఆడవాళ్లను అడిగిందట. రోగి ఎవరని పాస్టరుగారు అడిగితే మాట మార్చేసింది.

రిపోర్ట్ ఇంకా రాలేదు. ఒకరోజు పొద్దున గ్లౌజులు తొడుక్కుని పెరట్లోకి వెళ్లాను. గుర్రం తల వంచి నిలబడి ఉంది. ఎడమ కన్ను కింది రెప్ప ఉబ్బింది. మూలన పసుపు పచ్చగా ఉంది.

గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఇంక రిపోర్ట్ దేనికి? తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసి, "గొయ్యికి జాగ చూడు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను. తరువాత బ్రష్ తీసుకున్నాను. మెడ, వీపు, కాళ్లు, జూలు, తోక, ఏదీ వదలకుండా చేశాను. వంటింట్లోంచి బెల్లం ముక్క తెచ్చాను. గుర్రం మూతి చాపింది. నాకు ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అది తింటుంటే వెనక ఏదో పేలుతుందని నా ఒళ్లంతా ఎదురుచూస్తోంది. బెల్లం పిడికిట్లోనే కరిగి గ్లౌజుకు అంటుకుంది.

తమ్ముడి కొడుకు బండి మీద ఉరికొచ్చాడు. వెనక డాక్టరమ్మ కూడా దిగింది.

"రిపోర్ట్ అచ్చిందా పెద్దబాపూ?"

"రాలే. కన్ను చూడు."

"కన్ను వాస్తే గొయ్యి తవ్వుతరా? నిరుడు నాకు కండ్లకలక అయితే నన్నెందుకు పూడ్చలే?"

డాక్టరమ్మ నవ్వలేదు. "దీని రెప్పల ఎవలన్న సూది ఏసిన్రా తాతా?" అని అడిగింది.

"లేదు బిడ్డా."

"మరి కన్ను జూసి ఎందుకు భయపడ్డవు?"

పాత పరీక్ష సంగతి చెప్పాను. నా గుర్రం సంగతి కూడా, బెల్లం దాకా, చెప్పాను. ఇంట్లో ఎవరికీ అంతవరకు చెప్పలేదు. తమ్ముడి కొడుకు హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మందు ఎక్కియ్యకుంట ఆ వాపు ఏం చెప్తది తాతా?" అంది ఆమె మెత్తగా. రెప్ప తిప్పి, తడి దూదితో తుడిచి, గడ్డి నలుసు ఒకటి తీసి నా గ్లౌజు మీద పెట్టింది. సూది వేస్తేనే ఆ వాపుకు అర్థమని మిలిటరీలో నేర్చిన సంగతే, తెలిసిన సంగతే. అయినా గుంజ దగ్గర నిలబడ్డప్పుడు నాకు రెండు గుర్రాల కళ్లూ ఒక్కటైపోయాయి.

రిపోర్ట్‌లో రోగం లేదని వచ్చింది. కొన్ని వారాలాగి మళ్లీ రక్తం తీశారు. అందులోనూ లేదని డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆ ఫోన్ వచ్చినప్పుడు మా ఆవిడ చర్చి ఆడవాళ్లకు, రోగికి నయమైందని కబురు పంపింది.

నేను గ్లౌజులు విప్పి గుర్రం ముందు నిలబడ్డాను. చెయ్యి లేవలేదు. రోగం లేదని కాగితం మీద చూసినా లేవలేదు. రోజూ పొద్దున అరచేతి కోసం ముక్కు చాపడం దానికి అలవాటు. కాసేపు చూసి, అదే ముందుకొచ్చి నా చేతికి ముక్కు ఆనించింది. ఊపిరి వెచ్చగా, ఒకే తీరుగా ఉంది.

మర్నాడు బజారుకెళ్లి ఎర్ర బకెట్ ఒకటి తెచ్చి గుంజకు తగిలించాను. "ఏ పెండ్లికి పోయినా ఈ బకెట్ దీని తోటే పోవాలె. ఇంకోదాంట్ల మూతి పెట్టనియ్యొద్దు" అని తమ్ముడి కొడుక్కి చెప్పాను.

"పెండ్లికొడుకు కన్న దీనికే మర్యాదలెక్కువైనయి" అన్నాడు. కానీ బకెట్ బండికి కట్టుకున్నాడు. గుర్రం పెళ్లికి పోయి తిరిగి వచ్చేదాకా నేను గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. రాగానే మొదట బకెట్ వచ్చిందా అని చూస్తాను, తరువాత కళ్లు.