కొంగలకు హారన్

వెంకట్రాజు గారి లెక్కలో లోకంలోని వస్తువులు రెండే రకాలు: హారన్ ఉన్నవి, హారన్ పెట్టాల్సినవి.

కలిదిండి చుట్టుపక్కల చేపల చెరువులకు తవుడు బస్తాలు తోలే ఆయన ట్రాలీ ఆటోకి మూడు హారన్లు. ఇంట్లో సైకిలుకి రెండు. మనవరాలి మూడు చక్రాల బండికి లారీ హారన్ బిగిస్తే, పిల్ల అది నొక్కి తానే జడుసుకుని ఆ పూట అన్నం ముట్టలేదు. ఆఖరికి చెరువులో మేత వేసే పడవకి కూడా రబ్బరు బూర కట్టారు. నీళ్ళలో ఎదురొచ్చేదెవరండీ అని జనం నవ్వితే, "మేతొచ్చిందని చేపలకి తెలియొద్దాండీ?" అన్నారు. నిజంగానే బూర మోగగానే చేపలు పడవ చుట్టూ మూగడం మొదలుపెట్టాయి. ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఆ హారన్ దెబ్బ ఎక్కువగా తగిలింది ఆయన రోజూ వెళ్ళే దారిలో ఉండే హన్నమ్మకి. మొన్న వానాకాలంలో ఆమె భర్త విశ్వాసం పోయాడు. అప్పటినుంచి ఆమెకి తెల్లవారడమంటేనే విసుగు. లేచి ఎవరికి కాఫీ పెట్టాలి? దుప్పటి ముసుగేసుకుని పడుకుందామంటే, సరిగ్గా ఆమె గేటు ముందు ఆటో ఆగేది. మూడు హారన్లూ ఒకేసారి. తలుపు తీసేదాకా మోత ఆగేది కాదు.

"ఏవండీ రాజుగారూ, ఇవాళ ఏం అడ్డొచ్చిందండీ?"

"పిల్లి అండీ."

మర్నాడు కోడి. ఆ మర్నాడు బాతు. ఆ తర్వాత ముంగిస. ఒకరోజు హన్నమ్మ పంతం పట్టి ఎంతకీ తలుపు తీయలేదు. వీధి వీధంతా లేచి కూర్చుంది. చివరికి జుట్టు ముడి వేసుకుంటూ బయటికొచ్చి అడిగితే, ఆయన తాపీగా, "తాబేలండీ. ఇప్పుడే దాటింది," అన్నారు.

తిట్టడానికైనా వాకిట్లోకి వచ్చాక మళ్ళీ పడుకోబుద్ధి కాదు. ఎలాగూ లేచాను కదా అని వాకిలి ఊడ్చేది. ఊడ్చాను కదా అని పొయ్యి వెలిగించేది.

ఎదురు మేడ మీద పాండురంగారావు గారికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒక సాయంత్రం నలుగురిలో వెంకట్రాజు గారిని నిలదీశారు. హారన్ లేకుండా ఏ బండైనా నడుస్తుందాండీ అని ఆయన ఎదురడిగారు. విమానం నడవడం లేదా అన్నారు పాండురంగారావు గారు. వెంకట్రాజు గారు జాలిగా చూశారు. చెరువు మీద వాలే కొంగల్ని తోలడానికే ఇక్కడ డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి చస్తున్నాం కదా, మరి కొల్లేటి మీదుగా వెళ్ళే విమానం హారన్ కొట్టకపోతే గూడకొంగలు తప్పుకుంటాయా అన్నారు.

పందెం పడింది. విమానం కొంగలకి హారన్ కొట్టదని తేలితే ఆటోకున్న మూడూ పీకెయ్యాలి. తీర్పు చెప్పేది హన్నమ్మ అక్క కొడుకు మనోజ్. గన్నవరం విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని అతనిది.

ఆదివారం చర్చి అయ్యాక మనోజ్ పిన్నిని చూడటానికొస్తే, ఆమె వాకిట్లోనే పంచాయితీ పెట్టారు. విమానానికి హారన్ ఉందండీ అని మనోజ్ అనగానే వెంకట్రాజు గారు లేచి నిలబడి, కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"కానీ కొంగలకి కాదండీ. గాల్లో అసలు కొట్టరు. విమానం కింద నిలబడి ఉన్నప్పుడు, లోపలున్న పైలట్ కిందున్న ఇంజనీరుతో మాట్లాడాలనుకోండి. అరిస్తే వినపడదు కదా. మీట నొక్కితే ముందు చక్రం దగ్గర హారన్ మోగుద్ది. ఆయనొచ్చి మాట్లాడతాడు. అంటే అది తప్పుకోమని కాదండీ, రమ్మని."

కొంగలకి కానప్పుడు పందెం నాదే అన్నారు పాండురంగారావు గారు. వెంకట్రాజు గారు కండువా తీసి మళ్ళీ కూర్చున్నారు. న్యాయం న్యాయమేనండీ, రేపు పీకేస్తాను అన్నారు.

హన్నమ్మ అంతసేపూ గడప దగ్గర టీ గ్లాసులు పట్టుకుని నిలబడే ఉంది.

"ఒరే మనోజూ, ఆ కిందాయన రాకపోతేనో?"

"వచ్చేదాకా కొడతారు పిన్నీ."

ఆమె వెంకట్రాజు గారి వైపు చూసింది. ఆయన చటుక్కున తల తిప్పుకుని ఆటో టైరు పరీక్షించడంలో పడ్డారు. విశ్వాసం ఉన్న రోజుల్లో ఈ గేటు ముందు ఒక్క కూత కూసి వెళ్ళిపోయేవారు. ఆ పిల్లీ, బాతూ, తాబేలూ అన్నీ ఆ తర్వాత పుట్టినవే. ఒక్కటీ ఆమె కంట పడలేదు.

"హారన్లు ఉండనివ్వండి, పాండురంగారావు గారూ," అంది హన్నమ్మ, గ్లాసు అందిస్తూ. "తాబేళ్ళు తిరిగే వీధండీ ఇది."

పాండురంగారావు గారు ఆమె మొహం చూసి టీ తాగారు.

మర్నాడు ఆటో వచ్చేసరికి వాకిలి ఊడ్చి, ముగ్గుపిండి రంగు పాత చీర కొంగు దోపుకుని, హన్నమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. వెంకట్రాజు గారికి ఏం చేయాలో పాలుపోలేదు. అలవాటు ప్రాణం ఉండబట్టలేక మూడూ కలిపి మోగించారు. ఎదురు మేడ మీద కిటికీ ధడాలున మూసుకుంది.

"ఇవాళ ఏం అడ్డొచ్చిందండీ?" అంది హన్నమ్మ.

ఆయన వీధి ఆ చివర నుంచి ఈ చివరికి చూశారు. కోడిపిల్ల కూడా లేదు.

"మీరేనండీ," అన్నారు.