చెల్లెలు నా దగ్గర ఉన్న రోజులు

మాత్రలతో ఇక లాభం లేదు, ఇన్సులిన్ వేసుకోవాల్సిందేనని డాక్టరు చెప్పిన రోజు నేను ఏడవలేదు. మార్కాపురం బజారులో మా గాజుల దుకాణానికి వచ్చి ఎప్పటిలాగే కూర్చున్నాను. ఒకామె పెళ్లికూతురికి గాజులు అడిగింది. పెట్టె మీద సైజు అంకె నాకు కనబడలేదు. ఆమెనే చదువుకోమన్నాను.

షుగరు వచ్చి ఏళ్లయింది. ఒక పూట మాత్ర వేసుకుంటే ఒక పూట మరిచిపోయేదాన్ని. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించుకున్న ప్రతిసారీ అంకె పెరుగుతూనే వచ్చింది. ఇన్సులిన్ ఇంటికి తెచ్చుకున్నాక అసలు కష్టం తెలిసింది. సిరంజి మీది గీతలు నాకు ఆనవు. మా ఆయన సూది చూస్తేనే మొహం తిప్పుకుంటాడు.

"నావల్ల కాదే, నన్ను అడగొద్దు" అన్నాడు.

కొడుకు ఒంగోలులో ఉద్యోగంలో ఉన్నాడు. పుట్టింట్లో నేనే పెద్దదాన్ని. ఎవరికి ఏం కావాలన్నా నన్ను అడిగేవాళ్లే తప్ప, నేను ఒకరిని అడిగి ఎరగను. అయినా ఆ సాయంత్రం రాచర్ల దగ్గర పల్లెలో ఉండే మా చెల్లెలికి ఫోన్ చేశాను. నాలుగు రోజులు వచ్చి ఉండగలవా అంటే, "అట్ల అడుగుతావేందక్కా, రేపే వస్తా" అంది.

సంచిలో కొర్రలు పోసుకుని వచ్చింది. వాళ్లకు గొర్రెలున్నాయి. ఆలుమగలిద్దరూ కలిసి కాసుకుంటారు. మందకు సూదులు వేసిన చెయ్యి కాబట్టి తను బెదరలేదు. నర్సు ఎట్లా వేస్తుందో ఒకసారి దగ్గరుండి చూసి నేర్చుకుంది.

"కదలకుండా ఉండక్కా. నీకంటే గొర్రెలే నయం" అంది. చాలా రోజుల తర్వాత నేను నవ్వాను.

పొద్దున సూది వేసి, తినిపించి, కాలేజీ గ్రౌండు దాకా నడిపించేది. అన్నం తనే వడ్డించేది. ఇంకాస్త అంటే గిన్నె ఎత్తుకుని వంటింట్లోకి పోయేది. నా పక్కన కూర్చుని తనూ అంతే తినేది. షుగరు దిగడం మొదలైంది. చూపు కూడా కొంత తేటపడింది.

తను వెళ్తానన్నప్పుడు నేనే వెళ్లనివ్వలేదు.

"మీ మరిది ఒక్కడే ఉండాడక్కా" అంది చీరలు సర్దుకుంటూ.

"ఇంకో వారం ఉండవే. నువ్వు పోతే నా బతుకు మళ్లీ మొదటికొస్తాది" అన్నాను.

అది అడగడం కాదు, బెదిరించడం. ఆ సంగతి అంటున్నప్పుడే నాకు తెలుసు. తను సర్దిన చీరలు తీసి మళ్లీ గూట్లో పెట్టింది. వారం తర్వాత కూడా అదే మాట అన్నాను, అప్పుడూ ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం తనకు ఫోన్ వచ్చింది. వాకిట్లోకి వెళ్లి మాట్లాడి వచ్చింది. ఎవరే అంటే, మీ మరిదేలే అంది. సాయంత్రం మామూలుగానే సూది వేసి, పళ్లెం ముందు పెట్టింది. తన పళ్లెంలో అన్నం మాత్రం అట్లాగే ఉండిపోయింది. కడుపులో బాగాలేదంది. నేను నమ్మాను.

మర్నాడు మరిదికి నేనే ఫోన్ చేశాను. చెల్లెల్ని ఇన్నాళ్లు పంపినందుకు ఒక మంచి మాట చెబుదామని.

"నీకు చెప్పొద్దనింది వదినా. కోసిన జొన్నచేలో మళ్లీ లేతమొలకలొచ్చినాయి. ఒక్కణ్ణే ఉంటి. ఒకపక్క మళ్లిస్తాంటే ఇంకోపక్క గొర్రెలు దాంట్లో పడినాయి. ఆ మొలక విషం గదా. సగం మంద పోయింది."

ఇద్దరుంటే ఒకరు చేనువైపు నిలబడేవాళ్లు. ఆ మాట అతను అనలేదు.

చెల్లెలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

"చెప్తే నువ్వు తిండి మానేస్తావు. సూది ఏసినాక తినకపోతే పడిపోతారని డాక్టరు చెప్పినాడు గదా" అంది, తడి చీర దులుపుతూ.

"నేను ఆపకపోతే నువ్వు ఆడ్నే ఉందువు."

"నేనున్నా గొర్రెలు దాంట్లో పడేటివేమోలే అక్కా." నా వైపు చూడకుండానే అంది.

ఆ పూట సూది నేనే వేసుకున్నాను. గీతలు తనను చదవమని, పొట్ట మీద చర్మం పట్టుకుని గుచ్చుకున్నాను. అంత నొప్పేమీ లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంత చిన్న పనికా తనను ఇన్నాళ్లు కట్టేసుకున్నాను అనిపించింది. మర్నాడు పొద్దున్నే తనను బస్సెక్కించాను.

ఇప్పుడు పక్కింటి సాయిబుల ఆమె రెండు పూటలా వచ్చి సిరంజిలోకి మందు ఎంత ఎక్కిందో చూసిపోతుంది. ఆమెకూ షుగరే. "నాకేం కష్టమక్కా, నాది ఏసుకునే వస్తా" అంటుంది. అయినా ఆమె గడప దాటి వచ్చిన ప్రతిసారీ, ఇంట్లో ఏం పని వదిలేసి వచ్చిందోనని ముందు అదే అడుగుతాను.

పోయిన నెల రాచర్ల వెళ్లాను. మరిది దొడ్డి దగ్గర ఉన్నాడు. లోపల గొర్రెలు పలచగా, ఒక మూలకే ఉన్నాయి. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చాడు.

"షుగరెట్లుంది వదినా?"

"తగ్గింది నాయనా" అన్నాను. నిజంగానే తగ్గింది. అతను సంతోషించాడు. నేను మాత్రం అతని మొహంలోకి చూడలేక, చెల్లెలు ఎక్కడుందని అడిగి ఇంట్లోకి నడిచాను.