బతుకమ్మ పేర్చిన అక్క

మా అమ్మాయి రెండో తరగతి టీచరంటే మొదట్లో నాకు పెద్ద గురి లేదు. మాది కోస్తా, ఆవిడది శేరిలింగంపల్లి. పేరెంట్స్ మీటింగులో ఆవిడ మాటతీరు మరీ ముక్కుసూటిగా అనిపించేది. ఇప్పుడు ఆ ముక్కుసూటితనమంటేనే నాకు ముచ్చట. కారణం, నిరుడు బడిలో చేసిన బతుకమ్మ.

పూలు పేర్చడానికి తల్లులు రావాలని గ్రూపులో పెట్టారు. ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టుకుని, గచ్చిబౌలి ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే మా తల్లులెవరికీ పేర్చడం రాదు. అందరం వీడియోలు చూసొచ్చిన పండితులమే. టీచర్ ఇది ముందే ఊహించి తన అక్కను తీసుకొచ్చింది. పచ్చ చీరలో ఆవిడ నేలమీద కూర్చుని తంగేడు, గునుగు పూలు చకచకా వరుసలు పేరుస్తోంది.

"ఇంట్ల పూలు తెచ్చుడు, పేర్చుడు అన్నీ అక్కనే. ఆడనియ్యలె ఎన్నడు. ఇయ్యాల ఆడాలె," అంది టీచర్ మాతో.

పేర్చే మనిషిని ఆడనివ్వకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఈలోగా మా అమ్మాయి తోటి పిల్లలతో ఆవిడ పక్కన చేరి అడిగేసింది: "ఆంటీ, మీ గొంతు మా డాడీ గొంతులా ఉందేంటి?"

తల్లులమంతా గబగబా ఫోన్లలోకి దూరాం. టీచర్ మాత్రం పిల్లను కసరలేదు. "చెప్పాల్నా అక్కా?" అని అడిగింది. ఆవిడ తలూపింది.

పూలన్నీ రకరకాలు అంటూ టీచర్ ఏదో పోలిక ఎత్తుకుంటుందనుకున్నాను. అదేమీ లేదు. "అక్క పుట్టినప్పుడు అందరు మగపిల్లగాడనుకున్నరు. తను ఆడపిల్లనే అని అక్కకు ఎరుకే. కొందరికి గట్ల ఉంటది. ట్రాన్స్‌జెండర్ అంటరు. అది రోగం గాదు, తప్పు గాదు. వాళ్ళు చెప్తే మనం నమ్మాలె, నవ్వొద్దు."

అంతే. ఆ వయసు పిల్లలకు ఎంత కావాలో అంతే చెప్పింది.

"ఇంత చిన్నపిల్లలకి ఇవన్నీ ఎందుకండి?" అంది నా పక్కనున్న తల్లి.

"అడిగిన్రు గద మేడం. అడిగినంతనే చెప్పిన," అంది టీచర్, గొంతు పెంచకుండా. నాకు ఆ క్షణాన ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. మేం నలుగురం కలిసి కూడా ఆ నాలుగు మాటలు అంత తేలిగ్గా అనలేకపోయేవాళ్ళం.

పిల్లలకు ఆ సంగతి అప్పుడే పాతబడిపోయింది. మైదానంలో పాట మొదలవగానే పరుగెత్తారు. వెనకే మేమూ వెళ్ళి గుండ్రంగా నిలబడ్డాం. అక్క బతుకమ్మను మధ్యలో దించి, అలవాటుగా వెనక్కి వచ్చి గోడ పక్కన నిలబడింది. టీచర్ పిలిచినా కదల్లేదు. ఆవిడ కళ్ళు మా తల్లుల మీదే ఉన్నాయి. ఎవరైనా పిల్లను పక్కకి లాక్కుంటారేమోనని భయం కాబోలు. నేను కాస్త జరిగి చోటిచ్చాను. నా పక్కనే ఉన్న ఇందాకటి తల్లి ఒక్క క్షణం తటపటాయించి, తనూ జరిగింది.

అక్క మెల్లగా వచ్చి మా మధ్య నిలబడింది. మా అమ్మాయి పెద్దమనిషిలా నేర్పబోయింది: "ముందుకి వంగి చప్పట్లు కొట్టాలి ఆంటీ. మీకు వచ్చా?"

"వచ్చు బిడ్డా," అంది ఆవిడ వంగుతూ. "మగపిల్లల్ల నిలవడి, చూసి నేర్చుకున్న."